గడ్డి లేని ఆదివారం

ప్రతి ఆదివారంలాగే గడ్డి కోసే మిషన్ తోసుకుంటూ పక్కింటికి వచ్చిన ముసలి టైలరు గేటు దగ్గరే ఆగిపోయాడు. గడ్డి లేదు. తవ్వి పోసిన మట్టిలో ఆ ఇంట్లో ఉండే నర్సమ్మాయి గొంతుక్కూర్చుని నారు నాటుతోంది.

"ఇదేం పనమ్మాయ్! ఇస్త్రీ చేసినట్టుండే గడ్డిని పీకి పారేశావా?"

"పారేశాను బాబాయ్. అన్ని నీళ్ళు తాగింది, ఒక్క పువ్వన్నా పూసిందా? ఈ వసంతానికి బంతి, బెండ, టమాటా వేస్తున్నా."

"అంచులు కత్తెరతో తీర్చినట్టు కోసేవాణ్ణి."

"మీలా ఎవరు కోస్తారు బాబాయ్!"

"సర్లే, నాకూ ఓ పని తప్పింది."

అన్నాడేగానీ, మిషన్ని వెనక్కి తిప్పడానికి అతనికి చేతులు రాలేదు.

"కాఫీ తాగకుండా ఎక్కడికి?"

"పని చెయ్యకుండా కాఫీ ఎందుకమ్మా?"

"పని లేదని ఎవరన్నారు? గడ్డికైతే వారానికోసారి వచ్చేవారు. నేను పొద్దున్నే డ్యూటీకి పోతే ఈ నారుకి నీళ్ళెవరు పోస్తారు?"

"రోజూ పొయ్యాలా?"

"రోజూ."

"అయితే కాఫీ మీద మూత పెట్టు. ఈ మిషన్ని ఇంట్లో పడేసి వస్తా. తుప్పు పడితే పట్టనీ!"