తాటి టెంకల లెక్క

ఇదేటి సదువు తల్లీ? మా మనవరాలు పైడి ఒకటి నుంచి వందదాకా పాడేస్తన్నాది. గుక్క తిప్పుకోదు. మొన్న పొయ్యికాడ కూకుని, "అమ్మీ, మూడు వంకాయలు పట్రా" అన్నాను. వొడి నిండా తెచ్చి పోసింది. "ఇవి మూడేనేటే?" అంటే "మూడే మామ్మా" అంటాది! మూడంటే దానికి పాటలో ఒక మాట. అంతే.

లెగకు, కూకో. తలెత్తి సూడ్డానికి భయమేటి? నాను కూర్మిగాడి మామ్మనే, అసిరమ్మని. పోట్లాటకి రాలేదు. పిల్లలు ఇళ్లకెలిపోయేదాకా ఆ అరుగుమీద కూకుని మరీ వచ్చాను.

పిల్లల్ని సేతులు కట్టుకుని కూకోమంటన్నావంట? గింజ లేదు, గవ్వ లేదు, పుల్ల లేదు. ఏదీ ముట్టుకోనీవంట. ఒట్టి పాటంట.

మొదట్లో ఇలగుండేదేటి? పంచాయితీ సమితోళ్లు ఈ బాలవాడి పెట్టి నిన్ను పంపించినపుడు మేం నవ్వుకున్నాం. శ్రీముఖలింగం గుడిలో పాడేవోళ్ల పిల్లంట, పేరు ప్రసూనాంబంట, ఈ సన్నపిల్లకి మన గుంటలు ఆగుతారేటి అని. నువ్వు సింతపిక్కలు కడిగి, ఆరబెట్టి, ఆళ్ల ముందు పోశావు. "నీకొకటి, నాకొకటి" అని ఆళ్లసేతే పంపకం ఏయించావు. ఎవరికి ఎక్కువొచ్చాయి, ఎవరికి తక్కువొచ్చాయి, ఆళ్లే సెప్పాలి. గోలగోలగా ఉండేది. ఈధిలోకి ఇనిపించేది.

మా కూర్మిగాడు ఆ సదువు ఇంటికి మోసుకొచ్చీసినాడు. అన్నాలకాడ ఇస్తరాకులు ఆడే ఎయ్యాలి. అయ్యకొకటి, అమ్మకొకటి, మామ్మకొకటి, సెల్లి పైడికొకటి, తనకొకటి. ఒకరోజు మా అల్లుడు గంగరాజు కబురు లేకుండా దిగాడు. ఆయన కాళ్లు కడుక్కుంటంటేనే ఈడు "ఒక ఆకు సాలదే మామ్మా!" అని అరిసినాడు. ఎవరు సెప్పారు ఆడికి? ఆడికాడే సూసుకున్నాడు. మా కోడలు నీలవేణి నవ్వలేక సచ్చింది.

మరి ఆ పిక్కే... పిల్లలన్నాక నోట్లో ఎట్టుకుంటారు. ఎవుడో ఏదో అన్నాడంట, మా కూర్మిగాడు నవ్వాడంట, లోనకి జారిపోయిందంట. నువ్వు తలకిందులు సేసి ఈపు మీద కొట్టావు. గొంతులో ఏలెట్టి లాగబోయావు. ఎత్తుకుని రోడ్డుదాకా పరుగెట్టావు, బస్సుకి అడ్డంపడి ఆపావు. శ్రీకాకుళం ఆసుపత్రి రానేలేదు. దారిలోనే సల్లబడిపోయాడు. అంతమంది మధ్యన ఆణ్ణి వొళ్లో ఎట్టుకుని నువ్వలాగే కూకున్నావంట, దిగమన్నా దిగలేదంట. కండక్టరు సెప్పాడు.

అయిపోయింది.

ఊరు నానారకాలుగా అంది. అంటాది మరి, ఊరు కదా. నీలవేణి నీ మొగం సూడనంది. ఇప్పటికీ అదే మాట. పోనుపోను మారతాదని నీకు అబద్ధం సెప్పను. నాను మాత్రం ఏటి సెప్పాలి? నీ తప్పు లేదని అనను. ఉన్నాదని కూడా అనలేను. రోజూ పొలానికెల్తన్నాను, వస్తన్నాను, తింటన్నాను. ఉప్పుందో లేదో తెలీదు. ఇంట్లో ఎవరూ అడగరు.

కానీ పైడి సంగతేటి? రేపో మాపో దాన్ని ఒకటో తరగతిలో ఎయ్యాలి. అక్కడ పంతులు బెత్తం పట్టుకునుంటాడు. తెలీనిది దెబ్బలకి తెలుస్తాదా? నువ్వే సెప్పు.

ఆ మూట ఇప్పు. ఇప్పవమ్మా, పాము కాదు. తాటి టెంకలు. తేగల కోసరం పాతరెయ్యడానికి దాసుకున్నాను. పీచు గీకి, కడిగి, ఎండేసి తెచ్చాను. ఏ గుంటడి నోట్లోనూ పట్టవు. కావలిస్తే నువ్వు ఎట్టుకు సూడు.

పట్టుకో. రెండు సేతులూ కావాలి దీనికి.

నాను సెప్పి సూడలేదనుకుంటన్నావేటి? నిన్న పైడిని కూకోబెట్టి ఇవే పోశాను. "నీకొకటి, నాకొకటి" అన్నాను. గబగబా పంచేసింది. ఒకటి మిగిలింది. అది దాన్ని సూసింది, నన్ను సూసింది. "మిగిలిపోయింది మామ్మా, ఇప్పుడేటి సెయ్యాలి?" అంది. నాకేటి తెలుసు? మిగిలినదాన్ని ఏటి సెయ్యాలో, ఆ తరవాత ఏటి సెప్పాలో నాకు రాదు. ఆ సదువు నీకాడ ఉన్నాది. ఉంచుకుని సేతులు కట్టుకోమంటే ఎలగ?

కిందెట్టకు, పట్టుకునుండు.

నీలవేణికి సెప్పి రాలేదు. తెలిస్తే నన్నూ తిడతాది. తిట్టనీ. దానికి ఎవర్నో ఒకర్ని తిట్టాలి, లేకపోతే అన్నం దిగదు.

నానెల్తన్నాను. రేపు ఇవి పిల్లల ముందు పోస్తావో, గోడవతల పారేస్తావో, నీ ఇష్టం. ఈ ఎండలో ఇంత బరువు మళ్లీ మోసుకెళ్లడం మాత్రం నావల్ల కాదు.