రత్తాలు కట్టిన ఉయ్యాల తాడు

ఏంట్రా బ్రహ్మాజీ, బండి మీంచి పడి ఇన్నాళ్ళయినా, కోడిపెట్ట గుడ్డు పొదిగినట్టు ఆ చెయ్యిని పొదుగుతూనే ఉన్నావు? కండ పట్టేసిందా? మీ ముత్తాత ముత్యాలరావు నీకంటే ఘనుడులే. ఒడ్డు మీద వల లాగేటప్పుడు ముందు తాడు ఆయనదే. ఓసారి అల కొట్టి పడేస్తే భుజం కీలు తప్పింది. బాపట్ల డాక్టరుగారు కీలు సరిచేసి, "రోజూ మెల్లిగా ఆడించాలయ్యా, లేకపోతే కండలు బిగుసుకుపోతాయి" అన్నారు. ఈయన ఆడిస్తేనా! మా అత్త రత్తాలు ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెడితే మాత్రం హాయిగా కళ్ళు మూసుకునేవాడు. "చెయ్యెత్తు మావా" అందా, "చంపేత్తన్నావే!" అని సముద్రానికి వినపడేట్టు కేక. అవతల వల జట్టులో వెనక తాడు లాగే గురవయ్య, "ఇంక ముందు తాడు నాదే, మావ ఒడ్డున కూచుని పీతల్ని తోలుకుంటాడు" అన్నాడంట. ఆ మాట అత్త చెవిన పడ్డాక ఊరుకుంటదా?

అప్పుడు నా కొడుకు, అదే మీ నాన్న, ఉయ్యాల్లో పిల్లోడు. అత్త ఏం చేసిందీ, ఉయ్యాల ఊపే తాడుని దూలం మీంచి వేసి, కొస సరిగ్గా మావ నొప్పి చేతి పక్కన వేలాడగట్టి, నన్ను వెంటేసుకుని చేపలెండేయడానికి పోయింది. మీ నాన్న గొంతు సంగతి తెలుసుగా, ఊపడం ఆపితే ఊరు లేస్తది! మావ మూలిగాడు, తిట్టాడు, ఊపాడు. అత్త ఆయన చూడకుండా అప్పుడప్పుడూ ఆ కొస కాస్త కోసేసేది. చెయ్యి ఇంకాస్త పైకెత్తాలిగా మరి. "ఏమే రత్తాలూ, తాడు పొట్టిదవుతందేంటే?" అంటే, "పిల్లోడు తడుపుతున్నాడుగా మావా, తడిసిన తాడు ముడుచుకోదా!" అంది. ఓహో అన్నాడు! అది ప్లాస్టిక్ తాడురా. పుట్టినకాడ్నించి తాళ్ళతో బతికిన మనిషి!

కొన్నాళ్ళకి మావ మళ్ళీ వలకి దిగిన రోజు గురవయ్య ముందు తాడు దగ్గరే నిలబడ్డాడు. మావ వెళ్ళి, ఆ చెయ్యే తల మీదకెత్తి, "జరుగెహె" అన్నాడు. జరిగాడు. అత్త చేపల గంప దించేసి, ఒడ్డంతా వినపడేట్టు, "మావా, ఈ తాడు తడిసినా ముడుచుకోదులే!" అంది. మావ ముఖం చూడాలి నువ్వు! అందరితో పాటు తనూ నవ్వుతూనే లాగాడు. పోయేదాకా ఆ ముందు తాడు ఇంకోడికి ఇవ్వలేదు. అదీ మా అత్తంటే.

అదిగో, ఉయ్యాల్లో నీ పాప లేచింది. నీ పెళ్ళాం సంధ్యారాణిని పిలుస్తావేంట్రా, దానికి పొయ్యి మీద పనుంది. నువ్వే ఊపు. ఆ మంచి చేత్తో కాదు, పొదుగుతున్న చేత్తో.