ఒక కన్ను మూసుకుని

గుండెకు స్టెంటు వేయించుకొచ్చి వారం తిరక్కుండానే ఆయన మళ్లీ బడిపిల్లల ఆటో నడపడం మొదలెట్టాడు. ఈ పొద్దున ఆయన భార్య తాళంచెవి తీసి దాచేసింది.

"కాలవగట్టు మీద ఆడాళ్లకి కన్ను కొడుతున్నారటండీ."

"కొట్టడం కాదే, మూసుకుంటున్నాను. రెండూ తెరిస్తే ఒక్క వంతెనా రెండుగా కనబడుతోంది."

"ఎప్పట్నించి?"

"స్టెంటు వేసిన సాయంత్రం నుంచీ."

"నూటికో కోటికో ఒకరికి రక్తంగడ్డ మెదడుకెళ్తుంది, చూపు తేడా చేస్తే వెంటనే చెప్పమన్నారు కదా డాక్టరుగారు. మీరేం చెప్పేరు ఆయనకి?"

"బాగుందన్నాను. లేకపోతే ఇంటికి పంపరు కదా."

"ఆటోలో మన మనవరాలు సాయిదుర్గ కూడా కూర్చుంటోందండీ."

"ఒంటికన్నుతో బాగానే నడుపుతున్నాను. తాళం ఇలా తే."

"రెండు కళ్లూ తెరిచి తీసుకోండి."

ఆమె తాళంచెవి తీసి ఆయన ముందు పట్టుకుంది. ఆయన పౌరుషంగా రెండు కళ్లూ తెరిచి చెయ్యి చాపాడు. గుప్పిట తాళంచెవి పక్కన గాలిలో మూసుకుంది.

ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"నడవండి ఆసుపత్రికి. బస్సులో."