మూడో ముడి

ఆదోని మేజిస్ట్రేటు కోర్టు. 1988 మార్చి 14, సోమవారం, ఉదయం 11.30 గంటలు.

నా పేరు ఈరన్న. తండ్రి పేరు ఎల్లప్ప. వయసు 42 సంవత్సరాలు. వృత్తి పత్తి మిల్లులో కూలి. పుట్టింది మాధవరం. పద్దెనిమిదేళ్లుగా ఆదోనిలో ఉంటున్నాను. పోలీసులను గది బయటికి పంపి, నేను ఏమీ చెప్పకపోయినా తప్పు లేదని, చెబితే అది నా మీదికే రావచ్చని కోర్టువారు రెండుసార్లు చెప్పారు. అర్థమైంది. చెబుతాను.

నా మీద కేసు పెట్టింది ఎమ్మిగనూరు మైకుసెట్టు బసన్న. ఫిబ్రవరి 24న అక్కడి చేనేత వీధిలో హులిగమ్మ కూతురి పెళ్లిలో నేను కక్షతో అతని సెట్టు తీగ పీకి, టేప్‌రికార్డరు పగలగొట్టి, ముహూర్తం చెడగొట్టానని ఫిర్యాదు. తీగ పీకింది నేనే. టేప్‌రికార్డరు పగిలిందీ నా వల్లే. ముహూర్తం మాత్రం చెడలేదు.

మా నాయన గుడిలో సన్నాయి ఊదేవాడు. తాతదీ అదే గుడి. ఊదమన్నప్పుడు ఊదాలి, ఆపమన్నప్పుడు ఆపాలి, బయటి పిలుపు వస్తే సెలవడగాలి. నాకది పడలేదు. 1970లో ఆదోనికి వచ్చేసి, బావమరిది లక్ష్మప్పను డోలుకు పెట్టుకుని సొంత మేళం కట్టాను. “గుడి ఇడిసిపెట్టి పోతే నిన్ను పిల్సేదెవరురా?” అన్నాడు మా నాయన. పిలిచారు. మొదటి పిలుపు ఈ హులిగమ్మదే. ఇప్పుడు పెళ్లయిన ఈ పిల్లనే తొట్టెలో వేసిన రోజు అది.

పదమూడేళ్లు బాగా నడిచింది. ఆదోని బస్టాండు ఎదుట టీ అంగడి బల్లే నా ఆఫీసు. పెళ్లి కుదిరినవాళ్లు బట్టలకు ఆదోని వస్తారు. మూటలు పట్టుకుని బస్సుకు నిలబడతారు. మూట చూస్తే పెళ్లిదో చావుదో తెలుస్తుంది. పెళ్లి మూటయితే వెళ్లి పలకరించేవాణ్ని. తుగ్గలి, మద్దికెర దాకా పోయి ఊదాం. ఏ ఊరికి పోవాలో, ఏ రాగం ఎత్తుకోవాలో, ఎవరికి రానని చెప్పాలో అంతా నా ఇష్టం. ఆ ఇష్టం కోసమే గుడి వదిలాను.

1983 ఆగస్టులో బసన్న నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, ఒక క్యాసెట్టుకు ఊది ఇయ్యి. నా సెట్టు యాడికి పోతే ఆడికి నీ పేరు పోతాది” అన్నాడు. ఆశపడ్డాను. ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరులో అతని అంగడి తలుపులు మూసుకుని ఊదాను. లక్ష్మప్ప డోలు వాయించాడు. చివర గట్టిమేళం పెట్టమన్నాడు.

గట్టిమేళం సంగతి ఇక్కడ చెప్పాలి. తాళి కట్టేటప్పుడు తుమ్ము గానీ చెడ్డమాట గానీ వినబడకూడదని ఊదేది అది. పెళ్లి చేయించే అయ్యవారు చెయ్యి ఎత్తగానే మొదలుపెట్టాలి, మూడో ముడి పడేదాకా ఆపకూడదు. మా కళ్లు పెళ్లికొడుకు వేళ్ల మీదే ఉంటాయి. అంగడిలో పెళ్లికొడుకు లేడు, తాళి లేదు, ఎదురుగా బ్యాటరీల గూడు ఉంది. ఎంతసేపు ఊదాలో తెలియలేదు. రెండు ముళ్లకు సరిపోయేంత ఊదేసరికి బసన్న “సాలు సాలన్నా, టేపు ఐపోతాండాది” అన్నాడు. ఆపేశాను. ఆ మాట కూడా టేపులో పడింది. తప్పు అతనిదొక్కడిదే కాదు. నేను ఆపకుండా ఉండాల్సింది. ఆపమంటే ఆపడం గుడిలో నేర్చుకున్నాను, అది పోలేదు.

మొదటి ఏడు నిజంగానే ఊరూరికీ నా పేరు పోయింది. రెండో ఏడు పిలుపులు తగ్గాయి. మూడో ఏడు ఎవరూ పిలవలేదు. బస్టాండులో పలకరిస్తే, “నీ సన్నాయే బసన్న సెట్టులో వస్తాది గదప్పా, మళ్లా నువ్వెందుకు?” అనేవాళ్లు. మాటలో తప్పు లేదు. క్యాసెట్టుకు విస్తరి వేయక్కర్లేదు, బస్సు ఛార్జీ ఇవ్వక్కర్లేదు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. లక్ష్మప్పా నేనూ మిల్లులో చేరాం.

1986లో బసన్నే ఇంకో పని చూపించాడు. పెళ్లి ఫోటోలో మేళం కనబడాలని పెద్దలు అడుగుతారు. “నువ్వు ఊదబాకులే అన్నా. ఊరికే నోటికాడ పెట్టుకోని నిలబడు. ఊదేది సెట్టు చూసుకుంటాది” అన్నాడు. అలా ఎనిమిది పెళ్లిళ్లలో నిలబడ్డాను. లక్ష్మప్ప పుల్ల ఎత్తి డోలుకు ఆనించకుండా నిలబడ్డాడు. ఎనిమిది పెళ్లిళ్లలోనూ రెండో ముడి కాగానే బసన్న సెట్టు గుండీ తిప్పి శబ్దం తగ్గించేవాడు, ఆ మాట బయటికి రాకుండా. మూడో ముడి మేళం చప్పుడు లేకుండా పడేది. ఇంకోసారి ఊది సరిచేస్తానని రెండుసార్లు అడిగాను. “ఆ గలాటాలో యెవరు ఇంటారన్నా” అన్నాడు. ఎవరూ వినలేదు. నేను విన్నాను. ఎనిమిదిసార్లు విన్నాను.

తొమ్మిదోది హులిగమ్మ కూతురిది. ఫిబ్రవరి 24, బుధవారం, ముహూర్తం 10.20కి. లక్ష్మప్పా నేనూ పొద్దున ఆరు గంటల బస్సెక్కి ఎమ్మిగనూరు చేరాం. హులిగమ్మ నన్ను చూసి, “ఈరన్నా, నీ సన్నాయి ఇంటా తొట్లెలో నిద్రపోయిన పిల్లప్పా ఇది” అంది. నేను కాళ్లు కడుక్కోవడానికి పోయాను.

అయ్యవారు చెయ్యి ఎత్తారు. బసన్న క్యాసెట్టు మీట నొక్కాడు. అప్పుడే పెళ్లికూతురి మేనమామ అతన్ని అక్షింతలకు పిలిచాడు. పెద్దమనిషిగా పిలిచారని సంబరపడి, గుప్పిట నిండా అక్షింతలతో ముందుకు పోయాడు. సెట్టు దగ్గర ఎవరూ లేరు. మొదటి ముడి పడింది. రెండోది పడుతోంది. ఇంకొన్ని క్షణాలకు “సాలు సాలన్నా” అనే మాట మైకు గొట్టంలోంచి వీధంతా వినబడుతుంది. ఎడమ చేత్తో తీగ పట్టుకుని లాగాను. బల్ల మీది టేపు పెట్టె కింద పడింది. ఊదాను. లక్ష్మప్ప నా ముఖం చూశాడు, డోలు మీద పుల్ల వేశాడు.

మూడో ముడి పడగానే ఆపాలి. ఆపలేదు. తలంబ్రాల పళ్లెం తెచ్చేదాకా ఊదాను. లక్ష్మప్ప మోచేత్తో పొడిస్తే ఆపాను. సెట్టు ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు. హులిగమ్మ కళ్లు తుడుచుకుంటూ బసన్నతోనే, “ఈసారి నీ సెట్టు బాగా పలికిందప్పా” అంది. అప్పుడు అతను వెనక్కి తిరిగి పెట్టెను చూశాడు.

బసన్న పరువు, పెళ్లివాళ్ల పరువు కాపాడటానికే పీకావా అని కోర్టువారు అడిగారు. అవునంటే నాకు మంచిదని తెలుసు. కానీ అంతా అది కాదు. ఎవరూ అడగని ఒక సంగతి నేనే చెబుతాను. సన్నాయి కొనకు తొడిగే రెల్లు పీక ఎండితే పలకదు. ముందుగా నోట్లో నానబెట్టాలి. ఎనిమిది పెళ్లిళ్లకూ పీక డబ్బీలోనే పెట్టుకుని పోయాను. ఆ రోజు ఇంటి దగ్గరే నోట్లో పెట్టుకున్నాను. నా భార్య హనుమక్క చూసి, “ఈ పొద్దు ఊదేదుందా?” అని అడిగింది. లేదన్నాను. అది అబద్ధం. ఊదాలనే పోయాను. ఎప్పుడు, ఎట్లా అని మాత్రం అనుకోలేదు.

నిన్న సాయంత్రం బసన్న లక్ష్మప్పను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. “కాలికి తగిలి తీగ ఊడొచ్చిందని సెప్పన్నా, కేసు ఎనక్కి తీసుకుంటా. ముందు మాదిరి పెండ్లిండ్లకు పిలుస్తా” అన్నాడు. లక్ష్మప్ప, “ఒప్పుకో బావా. శిచ్చ పడితే మిల్లుకు గూడా రానీరు” అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరే చెప్పారు. రాత్రంతా ఆలోచించాను. తీగ కాలికి తగిలి ఊడిందంటే, ఆ తర్వాత నేను ఊదింది కూడా పొరపాటున ఊదినట్టే అవుతుంది. అది ఒప్పుకోలేను. కాలితో కాదు, ఎడమ చేత్తో పీకాను.

కోర్టువారిని ఒకటే కోరాను. మొదట వృత్తి అడిగితే కూలి అని చెప్పాను. అది కొట్టేసి సన్నాయి అని రాయమన్నాను. గడిచిన రెండేళ్లలో ఎన్ని పెళ్లిళ్లకు ఊదావని కోర్టువారు అడిగారు. ఒక్కదానికి అన్నాను. అది ఈ కేసులోదే.

ఇది నాకు తెలుగులో చదివి వినిపించారు. నా నోటి మాటే. ఎవరి బెదిరింపుకో, ఎవరు చూపిన ఆశకో చెప్పింది కాదు. ఇందులో ఉన్నదంతా నిజం.

(సం.) ఈరన్న

మొదటి పేరాలో “పత్తి మిల్లులో కూలి” అన్న మాటలు కొట్టివేసి “సన్నాయి” అని దిద్దడమైనది.

(సం.) ఈరన్న