నూరు వాట్ల మనిషి

నువ్వే చెప్పు ఐలా, తాంపెరె ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఆ మెర్యాకి మన ఇల్లే దొరికిందా?

మెర్యా అంటే మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లే. నువ్వు పోయాక వచ్చింది, నీకు తెలీదు. ఉండు, ముందు ఈ దీపం వెలిగించనీ. నీ సమాధి రాయి మీద మంచు తుడిచేలోపు అగ్గిపుల్లలు తడిశాయి... ఆఁ, అంటుకుంది.

పనా? అదే పని. రేపు చలి ఎంతుంటుంది, ఏ ఇంటికి గొట్టాల్లో ఎంత వేడి పంపాలి, ముందే లెక్క కట్టడం. ఈ ఏడాది పరీక్షకని మన అపార్ట్‌మెంట్లోనే ఇంటింటికీ మీటర్లు పెట్టారు. నేనే పెట్టించా, బుద్ధి తక్కువై.

ఇల్లు ఎంత, కిటికీలెన్ని, మనుషులెందరు, అన్నీ లెక్కలోకి ఎక్కించాలి. మనిషి ఒంటి వేడి కూడా లెక్కే కదా, తలకి నూరు వాట్లు. ఆ మాట చెప్పిన రోజు ఎంత నవ్వావో! "నూరు వాట్లా? మరి నా కాళ్ళ దాకా రావేమయ్యా?" అని రెండు జతల ఉన్ని మేజోళ్ళు చూపించావు.

ఇంట్లో మనుషులు ఎక్కువుంటే మేం పంపాల్సిన వేడి తగ్గుతుంది. మనిషి తగ్గితే పెరుగుతుంది.

అక్కడే వచ్చింది చిక్కు. ఇళ్ళన్నీ లెక్కకి సరిపోయాయి. మనదొక్కటే రోజూ కాస్త ఎక్కువ లాగుతోంది. ఆ పిల్ల వదుల్తుందా? కాఫీ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చేసింది. "తౌనో గారూ, మీ కిటికీ సందుల్లోంచి గాలి వస్తోందేమో చూసుకున్నారా? ఇంట్లో మీరిద్దరేగా?"

ఇద్దరమే అన్నాను.

ఏం చెయ్యను మరి? ఆ మనుషుల లెక్కలో రెండు తీసేసి ఒకటి వెయ్యడం ఎంతసేపు! డాక్టరు దగ్గర నీ పేరు తీసేశారు. లైబ్రరీ వాళ్ళూ తీసేశారు. నువ్వింకా ఉన్న చోటు అదొక్కటేనే.

అందుకని గది వెచ్చబెట్టే రేడియేటర్ తగ్గించేశా. కోటు వేసుకునే భోంచేస్తున్నా, తిట్టకు. శనివారం ఆరింటికి కింద సౌనా ఆవిరి గదిలో మన వంతు మాత్రం వదల్లేదు. పై బల్ల మీద నీ చోటు వదిలి పక్కన కూర్చుంటా. వారం మొత్తంలో ఒళ్ళు వెచ్చబడేది ఆ గంటే.

మొన్న మెర్యా ఒకటే సంబరం. "ఇప్పుడు అచ్చంగా సరిపోయింది తౌనో గారూ! ఇంట్లో ఆవిడకి కూడా చెప్పండి."

చెబుతున్నాగా.

ఇంకొక మాట ఐలా. నువ్వు చలి చలి అన్నప్పుడల్లా గోడ మీద థర్మామీటర్ అంకె చూపించి "ఇరవై ఒకటుంది, చాలు" అనేవాణ్ణి. ఇన్నేళ్ళూ ఆ అంకెనే నమ్మాను, నిన్ను నమ్మలేదు.

నీ మేజోళ్ళు రెండు జతలూ ఇప్పుడు నా కాళ్ళకే ఉన్నాయి. అయినా చలి ఆగట్లేదే.