ఫ్రెంచాయన ఆపిన సంతకం

సౌదీలోని రాస్ తనూరా చమురు శుద్ధి కర్మాగారంలో షిఫ్టు ముగిసింది. క్యాంపుకు వెళ్ళే బస్సులో ఇద్దరు జగిత్యాల ఫిట్టర్లు పక్కపక్కన కూర్చున్నారు.

"ఇయ్యాల మీ ట్యాంకు కాడ అరగంట పని ఆగిందట గదా అన్నా?"

"కొత్తగొచ్చిన ఫ్రెంచి ఇంజినీరు ఆపిండు తమ్మీ. ట్యాంకుల దిగే పర్మిట్ మీద సంతకం పెడుతుంటే, సదివినవా అని మా ఫోర్మన్ ఇష్తియాక్ భాయితోని హిందీల అడిగించిండు. ఇంగ్లీషు సదువ రాదని చెప్పిన."

"తిట్టిండా?"

"లేదు. వాళ్ళ దేశంల పనోళ్ళ కాయితాలు ఫ్రెంచిల లేకుంటే కంపినీకి జుర్మానా పడతదట."

"గట్లయితే బయటి కంపినీలతోని పోటీల ఎట్ల నిలుస్తరే?"

"గదే అడిగిన. వాళ్ళ తాన గూడ గదే లొల్లట. ఇంగ్లీషు లేకుంటే బేరాలు పోతయని శానమంది అంటరట. అయినా కానూను తియ్యలేదట."

"నమ్మబుద్ధయితలేదు. తర్వాత?"

"కాయితంల ఉన్నది ఇష్తియాక్‌తోని చెప్పించి, నన్ను తెలుగుల రాయమన్నడు. ఎన్నేండ్లకో రాసిన."

"ఏం రాసినవ్?"

"లోపల విషగాలి ఉండొచ్చు, ఒక్కడే దిగొద్దు అని. పదకొండేండ్ల సంది నేను సంతకం పెడుతున్నది గా మాటకేనట. ఎన్ని ట్యాంకులల్ల ఒక్కన్నే దిగిన్నో, పొద్దటి సంది యాది చేసుకుంటున్న."