తడబడని గొంతు

భర్త ఆఫీసు నుంచి వస్తూనే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఫో... ఫోన్ ఎందుకు పెట్టేశావ్?”

“నంబరు మీదే. మాట్లాడింది మాత్రం ఎవడో పరాయివాడు. పెట్టేయనా మరి?”

“అది నేనే! ఏఐ యాప్. నా గొంతుతోనే న... నత్తి లేకుండా మాట్లాడుతుంది. ఇవాళ ఆఫీసులో ఒక్కడూ నవ్వలేదు, తెలుసా?”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

“నవ్వేవాళ్లు మారాలి గానీ మీ గొంతు మారడమేంటి?”

“నీకూ హాయే కదా. నా మాట కోసం ఎంతసేపని ఎ... ఎదురుచూస్తావ్?”

“మొదటిసారి కలిసినప్పుడు, చెమటలు కక్కుతూనే నా పేరు పూర్తిగా పలికారు. ఆ రోజే మీకు పడిపోయాను. ఆ యాపేమో ఇవాళ నా పేరు తడుముకోకుండా అనేసింది. పిలిచింది నన్ను కాదేమో అనిపించింది.”

అతను ఫోన్ బల్లమీద పెట్టేశాడు.

“ప... ప...”

ఆమె ఎప్పటిలాగే, మాట అందించకుండా, తన పేరు కోసం ఎదురుచూసింది.